గుమ్మం మీద నాలుక చాచిన ముఖం

నమోదు 212, బుధవారం

సొరంగంలో ఒక ముఖం దొరికింది!

పొద్దున రొట్టె కాలుస్తుంటే హుసేన్‌బీ పరుగున వచ్చింది. కొండ అవతలి జలాశయం నుంచి మా మేడిగట్టుకు నీళ్ళు తెచ్చే సొరంగం తవ్విస్తున్న ఇంజనీరు ఆమె. బూట్ల నిండా ఎర్రమన్ను. మణికట్టు మీద మనసుపట్టీ నీలంగా మెరుస్తోంది. నీలమంటే భయం. మా ఊళ్ళో ఎవరి మనసులో ఏముందో దాచుకునే వీలు ఎవరికీ లేదు. పేరు పెట్టిన రోజున కట్టిన పట్టీ చచ్చేదాకా చేతికే ఉంటుంది. ఇన్నేళ్ళ స్నేహంలో హుసేన్‌బీ చేతి మీద నీలం చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

"అక్కా, ఆ రొట్టె ఇడిసిపెట్టు, నాతో రా. గోడకు ఒక మొగం ఉండాది. నాలుక ఇంత పొడుగు చాపి మమ్మల్నే చూస్తాంది" అంది.

రొట్టె మాడిపోయింది. నేను పోయాను.

ఎప్పుడో రెండు వందల ఏళ్ళ కిందట కొండచరియ జారి ఒక లోయంతా బురదతో నిండిపోయింది. అది గట్టిపడి రాయిలా అయింది. సొరంగం దాని గుండా పోతోంది. అక్కడ మట్టి పెళ్ళలు రాలిపడితే ఒక ఇటుకల గోడ బయటపడింది. గోడ మధ్యలో చెక్క గుమ్మం. గుమ్మంలో తలుపు ఉండాల్సిన చోటును కూడా ఇటుకలతో మూసేశారు. పైన ముఖం. నల్లటి ప్లాస్టిక్ ముఖం, ఉరుముతున్న గుడ్లు, చెవుల దాకా మీసాలు, బయటికొచ్చిన కోరలు, గడ్డం దాటి వేలాడే ఎర్రటి నాలుక. రంగు కూడా పూర్తిగా పోలేదు!

నేను మనోచరిత్ర చదివినదాన్ని. పూర్వం వాళ్ళు ఏం చేశారో చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. ఆ పని చేస్తున్నప్పుడు వాళ్ళ మనసులో ఏముందో వెతకడం నా పని. వాళ్ళకు పట్టీలు లేవు, మణికట్టు చూసి తెలుసుకోవడానికి. వాళ్ళు వదిలిపోయిన వస్తువులను, మాటలను పట్టుకుని తడుముకుంటూ పోవాలి. ఇన్నేళ్ళుగా నాకు దొరికినవన్నీ బురదలో కొట్టుకొచ్చిన ముక్కలే. ఇప్పుడు ఒక మనసు, పెట్టిన చోట పెట్టినట్టే, గోడ మీద నుంచి నన్ను చూస్తోంది!

"తెరుద్దామా?" అన్నాను.

"అదే గదా అక్కా భయం. సుంకన్న అప్పుడే రాతిజావ సిద్ధం చేయమన్నాడు."

సుంకన్న మా ఊరిపెద్ద. చాలా ఏళ్ళ కిందట చింతగుంట అనే ఊళ్ళో ఇలాగే నేలకింద మూసి ఉన్న గది ఒకటి తెరిచారు. లోపల విషవాయువు ఉంది. తెరిచినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. వాళ్ళలో సుంకన్న అన్న కూడా ఉన్నాడు. అప్పటి నుంచి చట్టం వచ్చింది: హెచ్చరిక గుర్తు ఉన్న మూసిన చోటు ఏది దొరికినా, తెరవకుండా రాతిపొడి కలిపిన జావ పోసి శాశ్వతంగా పూడ్చేయాలి.

పూడ్చిన చోటు దరిదాపుల్లో ఎక్కడా తవ్వకూడదు కాబట్టి, పూడిస్తే సొరంగాన్ని గట్టిరాతిలోంచి చుట్టు తిప్పాలి. దానికి రెండేళ్ళు పడుతుంది. మా గుండంలో నీళ్ళు ఈ ఎండాకాలం దాటవు. అంటే మేడిగట్టు ఖాళీ చేసి తలా ఒక ఊరికి పోవాలి.

చట్టంలో ఒక్క సందు ఉంది. ఆ గుర్తు హెచ్చరిక కాదని మనోచరిత్ర చదివినవాళ్ళు సభ ముందు నిలబడి చెబితే తెరవవచ్చు. ఊరు మొత్తానికి ఆ చదువు చదివినవాళ్ళం ఇద్దరం. నేను, నాకు చదువు చెప్పిన మద్దిలేటి సారు. వచ్చే వారం సభ.

నమోదు 213, గురువారం

కూలీలు పని ఆపేశారు. ముఖం దగ్గరికి పోతే ఒంట్లో ఏదో అవుతోందట. హుసేన్‌బీ గాలి పరీక్షించింది, ఏమీ లేదు. నేను వెళ్ళి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను.

లోపలికి పోగానే పట్టీలు బూడిదరంగుకు తిరుగుతాయి. కొండ మీది స్తంభం నుంచి తరంగాలు అంత లోతుకు రావు. ఎవరి పట్టీ చూసినా బూడిదే.

ఒక విచిత్రం చూశాను. రోజూ పదిమంది మధ్య కూర్చుని నవ్వుతూ తినే మనిషి, గోడవైపు తిరిగి సంగటి తింటున్నాడు. మట్టి మోసే ఒకామెకు ఏడో నెల. పైన పొట్ట నిమురుకుంటూ నడిచే మనిషి, ఇక్కడ తువ్వాలు తీసి పొట్ట మీదికి లాక్కుంది.

"ఎందుకమ్మా కప్పుకుంటివి, చలా?" అని అడిగాను.

"చలేం లేదక్కా. ఏమో. అందరూ చూస్తాండారు" అంది.

"పైన చూడరా?"

"పైన ఎవరు ఎట్ల చూస్తాండారో తెలుస్తాది గదా" అంది.

ఇందులో ఏదో ఉంది. ఏమిటో ఇంకా అందలేదు.

నమోదు 214, శుక్రవారం

మద్దిలేటి సారు ఇంటికి వెళ్ళాను. సారు వాకిట్లో వేరుశనగ కాయలు ఒలుస్తూ కూర్చున్నారు. ముఖం బొమ్మ చూపించాను. కళ్ళద్దాలు పైకి తోసి చాలాసేపు చూశారు.

"దీన్ని దిష్టిబొమ్మ అనేవాళ్ళు. మన నిఘంటువులో ఉండాది గదమ్మాయ్. దిష్టి అంటే ఏంది?"

నిఘంటువు సారు రాసిందే. నాకు కంఠతా వచ్చు. "కంటి జబ్బు."

"మందు?"

"ఉప్పు, ఎండుమిరపకాయలు రోగి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేయడం. ఆ ఘాటుకు కళ్ళనీళ్ళు కారి కన్ను శుభ్రపడుతుంది."

"దిష్టిబొమ్మ?"

"కంటి జబ్బు సోకిన ఇంటికి కట్టే గుర్తు. ఎవరూ దగ్గరికి రాకుండా."

చెప్తూ చెప్తూ నేనే ఆగిపోయాను. ఆ లెక్కన అది హెచ్చరికే. లోపల రోగం ఉందన్నమాట. సారు కూడా కాయలు ఒలవడం ఆపారు.

"అయితే పూడ్చాల్సిందేనా సార్?"

"నా నిఘంటువు అట్లే చెప్తాది" అన్నారు సారు, అంత సంతోషం లేకుండా.

కానీ ఒక చిన్న ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. మా దగ్గర ఉన్న పాత ఫోటోల్లో కొత్త మోటారు బండ్లు ఉన్నాయి. వాటి ముందు నిమ్మకాయ, మిరపకాయలు దండగా గుచ్చి కట్టారు. అది కూడా దిష్టికేనని ఫోటోల కింద రాసుంది. బండికి కంటి జబ్బు ఏమిటి?

సారుతో అన్నాను. ఆయన పట్టీ ఒక్కసారిగా నారింజరంగుకు తిరిగింది. నారింజంటే ఉత్సాహం. ఏదైనా ప్రశ్న నచ్చితే ఆయనకు ఆ రంగు వస్తుంది.

"పో. గొంతుల దగ్గరికి పో" అన్నారు.

నమోదు 215, శనివారం

దొరికింది! దొరికింది! దొరికింది!

నెమ్మదిగా చెప్పాలి. లోయ బురదలో దొరికిన పాత ఫోన్ల నుంచి మా వాళ్ళు వేల గొంతులు బయటికి తీసి పెట్టారు. మామూలు జనం ఒకరికొకరు పంపుకున్న మాటలు. ఇన్నాళ్ళూ మేం ఏం చేసేవాళ్ళమంటే, కావలసిన మాట యంత్రానికి చెప్పేవాళ్ళం. అది ఆ మాట ఉన్న వాక్యాన్ని మాత్రం తుంచి ఇచ్చేది. "పిల్లకు దిష్టి తగిలింది." సరే, పిల్లకు కంటి జబ్బు. రాసుకునేవాళ్ళం.

ఈ రోజు వాక్యం వద్దనుకున్నాను. ఆ మనిషి మాట్లాడింది మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఒక ఆడమనిషి తన చెల్లెలితో మాట్లాడుతోంది:

"నువ్వు ఆ పిల్లకి కొత్త గౌను యేసి వీధంతా తిప్పినావు. ఎదురింటామె ఎట్ల చూసిందో నేను చూసినా. ఆమె కండ్లు మంచివి కావు మే. పొద్దున్నుంచీ పిల్ల పాలు తాగల్యా అంటే తాగుతాదా మరి? దిష్టి తగిలింది. ఉప్పు తిప్పి పారెయ్."

మళ్ళీ విన్నాను. మళ్ళీ విన్నాను. ఎదురింటామె కళ్ళు మంచివి కావట. జబ్బు కంటిదే అయితే మందు ఎదురింటామెకు వేయాలి. పాలు తాగనిది మాత్రం పిల్ల! ఉప్పు తిప్పేది పిల్లకు!

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. జబ్బు చూసినవాళ్ళకు రాదు. చూడబడ్డదానికి వస్తుంది!

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా సారు ఇంటికి పరుగెత్తాను. దారిలో నా పట్టీ నారింజ చూసి జనం నవ్వుతూ పక్కకు తప్పుకున్నారు. సారుకు ఆ గొంతు వినిపించాను. ఆయన విన్నారు. రెండోసారి విన్నారు. తరువాత వేరుశనగ చాట పక్కకు నెట్టి, పగలబడి నవ్వారు.

"ముప్పై ఏళ్ళు! ముప్పై ఏళ్ళు ఊళ్ళో పిల్లోల్లకు తప్పు నేర్పినా నేను! కంటి జబ్బంట!" ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, పట్టీ మాత్రం మంటలా నారింజ. "అయితే చెప్పు, చూపు తగిలితే పిల్లకు ఎట్ల జబ్బొస్తాది? అట్ల వాళ్ళెందుకు అనుకున్నారు?"

అప్పుడు చెప్పాను, సొరంగంలో గోడవైపు తిరిగి తిన్న మనిషి గురించి, పొట్ట మీద తువ్వాలు కప్పుకున్నామె గురించి.

మా ఊళ్ళో ఎవరికైనా పక్కవాళ్ళ మీద ఓర్వలేనితనం వస్తే పట్టీ పసుపురంగుకు తిరుగుతుంది. "పసుపొచ్చింది, ఏమనుకోకు" అని వాళ్ళే చెప్పి నవ్వేస్తారు. అక్కడితో సరి. పూర్వం వాళ్ళకు ఆ వీలు లేదు. ఎదురింటామె నవ్వుతూ పిల్లను ఎత్తుకుంటుంది. ఆ నవ్వు వెనక ఏముందో తెలిసే దారి లేదు. తన దగ్గర ఉన్నది ఎంత ప్రియమైనదైతే, ఎదుటివాళ్ళ కళ్ళంటే అంత భయం. కొత్త బండి. నిండు పొట్ట. ముద్దొచ్చే పిల్ల. వాళ్ళు భయపడింది జబ్బుకు కాదు సార్, తెలియని మనసులకు!

సారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తరువాత నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లారు, ఎప్పటిలాగే.

"బాగుండాది. కానీ సొరంగంలో భయం మనోళ్ళది. దాన్ని తీస్కపోయి పాతోళ్ళ నెత్తిన పెట్టొద్దు. వాళ్ళ భయం వాళ్ళ నోటితోనే వినాల. ఒక్క గొంతు చాలదమ్మాయ్. ఇంకా విను. ఆ బొమ్మ గురించే విను. నీ మాటకు ఎదురు చెప్పే గొంతు ఉందేమో అది కూడా వెతుకు. ముందు దాన్నే వెతుకు."

నమోదు 216, ఆదివారం

రోజంతా గొంతులు. చెవులు నొప్పి పుట్టాయి. అన్నం తినడం మరిచిపోతే హుసేన్‌బీ డబ్బా తెచ్చి ముందు పెట్టి, తను కూడా ఒక చెవిగొట్టం తగిలించుకుని కూర్చుంది.

మధ్యాహ్నం ఒక తాపీమేస్త్రి దొరికాడు. ఇల్లు కట్టించుకుంటున్న మనిషికి చెబుతున్నాడు: "సార్, స్లాబు పడింది గదా, రేపొచ్చి ముందు ఆ బొమ్మ కట్టండి. రోడ్డున పోయేటోడు ఇంటిని చూడకూడదు, బొమ్మను చూడాల. వాని కన్ను దాని మీద పడిపోతే ఇల్లు బతుకుతాది."

హుసేన్‌బీ చెవిగొట్టం తీసి నా చెయ్యి పట్టుకుంది. "అంటే ఆ మొగం మనల్ని బెదిరించేకి కాదా?"

"బెదిరించడానికి కాదు, మన చూపును పట్టుకోడానికి. ఇల్లు కడుతున్నంత కాలం ఉంచేవాళ్ళు. అటువంటి గొంతులు ఇప్పటికే చాలా విన్నాను. లోపల ఉన్నది విషం కాదు బీ. ఎవరికో ప్రాణమైనది!"

ఇద్దరం లేచి చిన్నపిల్లల్లా గెంతాం. ఆ గెంతులో ఉండగానే యంత్రం ఇంకో గొంతు వేసింది.

"ట్రాన్స్‌ఫార్మర్ కాడ కంచె ఇరిగిపోయింది. పిల్లోల్లు ఆడికి పోతాండారు. నేనే ఒక దిష్టిబొమ్మ తెచ్చి కట్టినా. దాన్ని చూసి భయపడి రాకుండా ఉంటారని."

ట్రాన్స్‌ఫార్మర్ అంటే కరెంటు పెట్టె, ముట్టుకుంటే ప్రాణం పోయేది. హుసేన్‌బీ మెల్లగా కూర్చుంది. నేనూ కూర్చున్నాను. అన్ని గొంతుల్లో ఒకే ఒక్కటి. కానీ అది ఉంది. అదే ముఖం, ప్రమాదం మీద కట్టినది.

"ఇది సభలో చెప్పాల్నా అక్కా?" అంది హుసేన్‌బీ.

"చెప్పాలి" అన్నాను. ఆ గొంతును కూడా వినిపించేవాటిలో చేర్చాను.

నమోదు 217, సోమవారం

పొద్దున్నే సొరంగంలోకి పోయాం. గొంతులు రెండు దారులు చూపుతుంటే వస్తువు దగ్గరికి పోవాలి.

ట్రాన్స్‌ఫార్మర్ మనిషి బొమ్మను పిల్లల కోసం కట్టాడు. అంటే పిల్లల కళ్ళకు ఎదురుగా, దగ్గరికొస్తే కనబడేలా కట్టి ఉంటాడు. మేస్త్రి చెప్పిన బొమ్మ రోడ్డున పోయేవాళ్ళ కోసం. మరి మాది? హుసేన్‌బీ పాత నేల మట్టం దాకా మన్ను తీయించి చూసింది. ముఖం గుమ్మానికి కూడా పైన, నేను చెయ్యి చాపినా అందనంత ఎత్తులో ఉంది. కొంచెం ముందుకు వంచి కట్టారు. దూరాన దారిలో నడిచే మనిషి చూపు నేరుగా దాని మీద పడేలా!

నేను మోకాళ్ళ మీద కూర్చుని గుమ్మం కింది పట్టెకు అంటిన మట్టిని బ్రష్‌తో మెల్లగా దులిపాను. మట్టి కింద చెక్క. చెక్క మీద మరక. హుసేన్‌బీ దీపం దగ్గరికి తెచ్చింది.

పసుపు! పసుపు మధ్యలో వరసగా ఎర్రటి చుక్కలు, కొన్ని చెరిగిపోయినవి.

గడపకు పసుపు రాసి బొట్లు పెట్టడం గురించి గొంతుల్లో ఎన్నిసార్లు విన్నానో! పండగ పూట, పెళ్ళి పూట, గుమ్మం నిలబెట్టిన పూట. వేలితో, ఒక్కొక్క చుక్క. రోగాల గదికి ఎవరూ కూర్చుని బొట్లు పెట్టరు. ఆ చుక్కల్లో ఒకటి పక్కకు జారి ఉంది, చెయ్యి వణికినట్టు. నేను దాని మీద నా వేలు పెట్టలేదు, పైన గాలిలోనే ఉంచాను. నా వేలికంటే సన్నటి వేలు.

నమోదు 219, బుధవారం

సభ. ఊరంతా వచ్చింది. నీళ్ళ విషయం కదా.

సారు ముందు లేచి, తన నిఘంటువులో ఆ మాట తప్పని చెప్పి కూర్చున్నారు. తరువాత నేను అన్నీ వినిపించాను. చెల్లెలితో మాట్లాడినామె. మేస్త్రి. బండ్లు. పసుపు గడప. జనం పట్టీలు ఒక్కొక్కటే నారింజకు తిరుగుతుంటే ఆపుకోలేని సంతోషం వేసింది. అక్కడే ఆపేసి ఉండొచ్చు.

"ఇంకొక గొంతు ఉండాది. ఇది నాకు ఎదురు చెప్తాంది. వినండి" అన్నాను.

ట్రాన్స్‌ఫార్మర్ మనిషి మాట్లాడాడు. సభలో నారింజలు ఆరిపోయాయి. సుంకన్న పట్టీ ముదురు నీలం.

"అమ్మా చౌడేశ్వరీ" అని నన్ను పేరు పెట్టి పిలిచాడు సుంకన్న. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. "మా అన్న గూడా చదువుకున్నోడే. ఏం గాదులే అని పోయినాడు. నీ మాట తప్పయితే?"

"తప్పయ్యే వీలు ఉండాది సుంకన్నా. లేదని చెప్పను. నేను విన్న గొంతులన్నీ ఒకవైపు, ఇది ఒకవైపు. బొమ్మ ఎత్తు, గడప పసుపు నావైపు ఉండాయి. పాతోళ్ళ మనసు నేను కండ్లతో చూడలేను. వాళ్ళు ఇడిసిపోయినవి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినా. అన్నీ కలిపి ఒకటే మాట చెప్తాండాయి: లోపలిది వాళ్ళకు ప్రియమైంది. ఇటుక తీసే రోజు నేను ముందు నిలబడతా."

సుంకన్న లేచి నిలబడ్డాడు.

"చింతగుంటలో గూడా ఒక చదువుకున్నాయన సభలో మాట్లాడినాడు. అంతా మంచిదే అన్నాడు. ఎదురు చెప్పేది ఒక్కటీ తేలేదు" అన్నాడు సుంకన్న. "నువ్వు తెచ్చినావు. అందుకే నమ్ముతాండా. తెరవండి. కానీ ముందు నిలబడేది నువ్వు గాదు. నేను."

నమోదు 220, గురువారం

ఈ రోజు సంగతి ఈ రోజే చెప్పాలి.

హుసేన్‌బీ ముందు సన్నటి రంధ్రం వేసి గొట్టంతో లోపలి గాలి తీసింది. యంత్రం కూయలేదు. మామూలు గాలి, కొంచెం పాతది. అయినా సుంకన్న మమ్మల్ని వెనక్కి జరగమన్నాడు. అక్కడ పట్టీలు పనిచేయవు. ఆయన మనసులో ఏముందో నాకు కనబడలేదు. పూర్వం మనుషుల్లాగే ముఖం చూసి ఊహించుకోవాల్సి వచ్చింది. దవడ బిగిసి ఉంది. మొదటి ఇటుక ఆయనే లాగాడు.

ఏమీ కాలేదు. రెండో ఇటుక. మూడోది. మనిషి పట్టేంత దారి అయ్యాక దీపం లోపలికి చాపాడు.

"ఏముండాది సుంకన్నా?" నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"ఇల్లు" అన్నాడు.

ఇల్లే! రెండు గదులు, ఒక వంటిల్లు. పూర్తి కానిది. వంటగట్టు మీద నల్లరాయి పరిచారు. దీపాల కోసం గోడల్లోంచి తీగలు బయటికి వేలాడుతున్నాయి. మూలలో సిమెంటు మూట రాయిగా గడ్డకట్టింది. ఎందుకు ఆగిపోయిందో తెలియదు. మళ్ళీ వచ్చి మొదలుపెడదామని గుమ్మం, కిటికీలు ఇటుకలతో మూసి ఉంటారు. కొండ ముందే వచ్చింది.

అప్పుడు హుసేన్‌బీ దీపం గోడ మీదికి తిప్పింది. బొగ్గుతో రాసి ఉంది.

"ఇక్కడ బీరువా."

పక్క గోడ మీద, "ఇక్కడ అమ్మ మంచం. కిటికీ గాలి రావాల."

సుంకన్న ఒక్కొక్కటే పైకి చదువుతున్నాడు. మేం ఆయన వెనకే తిరుగుతున్నాం. "ఇక్కడ టీవీ." "ఇక్కడ దేవుడు." "ఇక్కడ అద్దం." అద్దం అని రాసిన దాని కిందే వంకర అక్షరాలు, ఎవరో పిల్లవి: "ఇంకా కిందికి పెట్టండి, నాకు అందాల." దానికి కొంచెం దూరంలో అదే చేతిరాత: "ఈ గోడ నాది."

మా ఊళ్ళో గదులు ఊరివి. అయిదేళ్ళకోసారి మారతాం. హుసేన్‌బీ ఇప్పటికి ఎన్ని గదులు మారిందో. ఆమె ఆ రాత ముందు నిలబడి కదల్లేదు.

"ఇంతేనా?" అన్నాడు సుంకన్న నా వైపు తిరిగి. వెక్కిరింపు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. "రెండు గదులు. దీనికోసమేనా అంత మొగం పెట్టింది, ఊరోళ్ళ కండ్లకు అంత భయపడింది?"

"ఇంతే సుంకన్నా. దీనికోసమే."

ఆయన అమ్మ మంచం గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. నిన్న చనిపోయినవాళ్ళకు ఏడ్చినట్టు ఏడ్చాడు. అన్న కోసమో, ఈ ఇంటివాళ్ళ కోసమో అడగలేదు. పట్టీ చూసి తెలుసుకోవడానికి అక్కడ దారి లేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. పోయి పక్కన కూర్చున్నాను.

బయటికొచ్చేటప్పుడు హుసేన్‌బీ అంది, "అక్కా, సొరంగం దీని మధ్యలోంచి పోవాల. గీత అట్లే గీసినా."

"తెలుసు."

"నా చేత కాదు. గోడ నాది అని రాసుకున్న పిల్ల గోడ మీదికి నేను యంత్రం తోలలేను. సొరంగాన్ని ఒక మనిషి నిలువు కిందికి దించుతా. నేల కిందనుంచి పోనిస్తా. పది దినాలు ఎక్కువ పడతాది, అంతే. ఇల్లు ఇట్లే ఉంటాది."

కూలీలు ఆ సాయంత్రమే పనిలోకి దిగారు, ఎవరూ పిలవకుండానే.

నమోదు 251, ఆదివారం

రేపు నీళ్ళు వస్తాయి! ఊరంతా సొరంగం చివర గుండం దగ్గర నిలబడి చూస్తుందట. మాకు మాత్రం ఇంకో పని ఉంది, దాని సంగతి రాయకుండా ఉండలేను.

గొంతులు వింటూ ఉన్నాను కదా, కొన్నాళ్ళుగా ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ తగులుతోంది. "పాలు పొంగినాయా?" "పొంగినాయి." "యా దిక్కుకు?" "తూర్పుకే!" "అయితే మంచిదే పో." మా దగ్గర ఇవన్నీ వంటింటి ప్రమాదాల కింద చేర్చి ఉన్నాయి. పూర్వం వాళ్ళు పాలు కాచడంలో చాలా అజాగ్రత్తగా ఉండేవాళ్ళని ఒక పాఠం కూడా ఉంది!

ఈసారి మొదటి నుంచి చివరిదాకా విన్నాను. అన్నీ కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళ గొంతులే. ప్రమాదం కాదు! కావాలనే పొంగించేవాళ్ళు! కొత్త ఇంట్లో మొదటిసారి పొయ్యి వెలిగించి, పాలు పెట్టి, గిన్నె నిండి పొర్లేదాకా చూస్తూ నిలబడేవాళ్ళు. అప్పుడే అది ఇల్లు అయినట్టు.

సారుకు చెబితే నిఘంటువులో ఇంకొక పేజీ కొట్టేశారు, నవ్వుతూ. తరువాత అన్నారు: "ఆ ఇంట్లో ఎవరూ పొంగించల్యా గదమ్మాయ్."

నమోదు 252, సోమవారం

మేం నలుగురం ఇంట్లో ఉన్నాం. నేను, సారు, హుసేన్‌బీ, సుంకన్న. గుమ్మం బయట కూలీలంతా నిలబడ్డారు, లోపల చోటు చాలక. ఏడో నెల ఆమెకు తొమ్మిదో నెల వచ్చింది, ఆమె మాత్రం లోపలికొచ్చి కిటికీ కింద కూర్చుంది. ఆ నల్లరాయి గట్టు మీద చిన్న పొయ్యి పెట్టాం. మేకపాలు ఊళ్ళో మనిషికి అరకప్పే ఇస్తారు. మా నలుగురి పాలు కలిపి గిన్నెలో పోశాం.

పొయ్యి వెలిగించింది హుసేన్‌బీ. చిన్నమంట. గిన్నె అంచుల్లో సన్నటి బుడగలు లేచాయి. అప్పుడే నేల కింద ఏదో కదిలింది. మొదట ఒక గుటక లాంటి శబ్దం. తరువాత దూరాన గాలి వీచినట్టు. హుసేన్‌బీ పరుగున నేల మీద పడుకుని చెవి ఆనించింది.

"వస్తాండాయి! నీళ్ళొస్తాండాయి!"

బయట కూలీలు కేకలు పెట్టారు. పాదాల కింద నేల మెల్లగా అదరడం మొదలైంది. సారు గోడ పట్టుకుని నిలబడి చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. పాలు మీగడ కట్టి, ఉబ్బి, గిన్నె అంచుదాకా లేచాయి.

సుంకన్న ఒక్క ఉదుటున తువ్వాలు అందుకుని గిన్నె దించబోయాడు. అరకప్పు పాలతో పెరిగిన మనిషి. పాలు పోతుంటే చెయ్యి దానంతట అదే లేచింది.

"ఆగు సుంకన్నా!" అరిచాను. "పొంగనీ! పొంగనీ!"

ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పాలు గిన్నె దాటి నల్లరాయి మీదికి పొర్లాయి. మంట మీద పడి చుయ్యిమన్నాయి. కాలిన పాల వాసన గదంతా నిండింది. కింద నీళ్ళు హోరుమంటున్నాయి. గుమ్మం బయట ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, తరువాత అందరూ కొట్టారు. కిటికీ కిందామె నవ్వుతూ ఏడుస్తోంది. హుసేన్‌బీ ఇంకా నేల మీదే పడుకుని ఉంది, చెంప తడిసి.

పాలు ఏ దిక్కుకు పొంగాయో చూడటం మాత్రం అందరం మరిచిపోయాం.